పాత ఇంటి హాలు ఫోటోలు: హెచ్‌డీఆర్ కలిపితే అంతా బూడిదరంగులోకి పోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

షాబాద్ బండ (ప్రశ్న)

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

సికింద్రాబాద్‌లో మా తాతయ్య కట్టించిన ఇల్లు ఈ నెలాఖరుకి బిల్డర్ చేతికి వెళ్లిపోతోంది. ఇంట్లో అందరూ కూర్చుని ఒప్పుకున్నాకే జరుగుతోంది, దాని గురించి ఇక్కడ చెప్పుకోవడానికేం లేదు. కానీ ఆలోపు ప్రతి గదినీ సరిగ్గా ఫోటో తీసి, ఆల్బమ్ వేయించి నాయనమ్మ చేతిలో పెట్టాలని నా కోరిక. మిగతా గదులు బాగానే వచ్చాయి. హాలు దగ్గర ఆగిపోయాను.

హాలు ఎలా ఉంటుందంటే, తూర్పు గోడకి మూడు పొడుగాటి కిటికీలు, వాటి పైభాగంలో అర్ధచంద్రంలా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాలు. పొద్దున ఎనిమిదింటికి ఎండ ఆ అద్దాల్లోంచి దిగి కింద షాబాద్ బండల మీద రంగులు పరుస్తుంది. నేను ఉత్తరం గుమ్మంలో నిలబడి తీస్తున్నాను, కాబట్టి ఎడమ పక్కన కిటికీలు, కుడి చివర మూలన ఉయ్యాల బల్ల, దాని వెనక గోడలో దేవుడి గూడు. ఆ మూల ఎప్పుడూ చీకటే. కంటికి మాత్రం రెండూ హాయిగా కనిపిస్తాయి. కెమెరాతో కిటికీకి ఎక్స్‌పోజర్ పెడితే గూడు నల్లటి బొంతలా ఉంది, గూటికి పెడితే రంగుటద్దాలన్నీ తెల్లకాగితం అయిపోయాయి.

అందుకే హెచ్‌డీఆర్, అంటే వేరువేరు వెలుగుల్లో తీసిన షాట్లని ఒకటిగా కలపడం, మొదలుపెట్టాను. పాత క్రాప్ సెన్సర్ డీఎస్‌ఎల్‌ఆర్, 18-55 కిట్ లెన్స్, ట్రైపాడ్ ఉంది. ఎపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) ప్రయారిటీలో ఎఫ్/5.6, ఐఎస్‌ఓ (వెలుగుకి స్పందించే స్థాయి) ఆటో, బ్రాకెటింగ్‌లో మూడు షాట్లు: మైనస్ 1, సున్నా, ప్లస్ 1. అన్నీ రా ఫైళ్లే, అంటే సెన్సర్ పట్టుకున్నది ఉన్నదున్నట్టు దాచేవి. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో మెర్జ్ చేసి, ఒక వీడియోలో చూసినట్టు హైలైట్స్ మైనస్ 100, షాడోస్ ప్లస్ 100, క్లారిటీ 40 పెట్టాను.

వచ్చింది ఏంటంటే, గది అంతా ఒకే వెలుగు. గోడ, నేల, గూడు అన్నీ ఒకే బూడిద. కిటికీ చెక్క చుట్టూ తెల్లటి అంచు ఒకటి మెరుస్తోంది. ఫ్యాన్ రెక్కలు నాలుగైదు కనిపిస్తున్నాయి. మూలన రంగురంగుల చుక్కలు. రెండు రాత్రులు కూర్చుని స్లైడర్లు అటూ ఇటూ జరిపాను, ఏది జరిపినా ఇంకొకటి చెడిపోతోంది. నాయనమ్మకి ఫోన్‌లో చూపిస్తే కాసేపు చూసి, "ఇది మన ఇల్లు కాదు బిడ్డా, క్యాలెండర్ బొమ్మ లెక్క ఉంది. ఆ మూలకి గింత వెలుగు ఎప్పుడొచ్చింది?" అంది. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే మళ్లీ తీయడానికి మూడు వారాలే ఉంది, ఆ తర్వాత ఆ హాలే ఉండదు.

తీయడంలో తప్పా, ఎడిటింగ్‌లో తప్పా? ఎవరైనా వివరంగా చెప్పండి ప్లీజ్.

తార్నాక లెన్స్

రెండింట్లోనూ ఉంది, కానీ ముందు తీయడం సంగతి చూద్దాం, ఎందుకంటే ఫైళ్లలో లేని వెలుగుని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు.

మైనస్ 1, సున్నా, ప్లస్ 1 అంటే ఒక్క రా ఫైల్ ఇచ్చేదానికి పైన ఒక స్టాప్, కింద ఒక స్టాప్ మాత్రమే కలిసింది (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం). ఈ కాలపు సెన్సర్లు తక్కువ ఐఎస్‌ఓలో ఒక్క షాట్‌లోనే పన్నెండు, పదమూడు స్టాపులు పట్టుకుంటాయి, పాతవి కొంచెం తక్కువ. పైగా మీరు ఐఎస్‌ఓ ఆటోలో వదిలేశారు. హాలు చీకటిగా ఉంది కాబట్టి కెమెరా దాన్ని పైకి తీసుకెళ్లి ఉంటుంది, ఐఎస్‌ఓ పెరిగిన ప్రతిసారీ సెన్సర్ పట్టుకోగలిగే రేంజ్ తగ్గుతుంది. ఆ మూలలోని రంగు చుక్కలు అందుకే.

రేపు పొద్దున ఒక పని చేయండి. కెమెరాని మాన్యువల్‌లో పెట్టి, ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, స్పాట్ మీటరింగ్ (చూపించిన చిన్న చోటు వెలుగునే కొలిచేది). రంగుటద్దం పక్కన ఉన్న మామూలు అద్దాన్ని చూపించి మీటర్ ఏ షట్టర్ స్పీడ్ అంటుందో రాసుకోండి. తర్వాత దేవుడి గూడు చూపించి ఇంకోటి రాసుకోండి. ఆ రెండు అంకెలు ఇక్కడ పెట్టండి, అక్కడినుంచి ముందుకెళ్దాం.

ఇంకో మాట, ఫ్యాన్ ఆపండి. ఉయ్యాల గొలుసు ఊగకుండా కింద ఏదైనా ఆసరా పెట్టండి. కిటికీ రెక్కలు గాలికి కదలకుండా గడియ వేయండి. లోపల ట్యూబులైటు, ఎల్‌ఈడీ బల్బు ఏదీ వేయొద్దు. మన కరెంటు 50 హెర్ట్‌జ్, కాబట్టి నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. కంటికి తెలీదు, కానీ 1/500 లాంటి షట్టర్ స్పీడ్‌లో ఫోటో మీద అడ్డచారలు వస్తాయి, ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కో చోట. వాటిని కలిపితే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా ఎండ రంగు వేరు, బల్బు రంగు వేరు, ఒకే గోడ మీద రెండూ పడితే సరిచేయడం చాలా కష్టం.

షాబాద్ బండ

థాంక్యూ అండీ. పొద్దున ఎనిమిదీ పదికి కొలిచాను. కిటికీ అద్దం 1/500, దేవుడి గూడు 2 సెకన్లు. నిన్నటి ఫైళ్లు కూడా తెరిచి చూశాను, మీరన్నది నిజమే, ఐఎస్‌ఓ 1600 ఉంది.

మౌలాలి గుట్ట

అక్కా, ఇప్పుడు లెక్క తేలిపోయింది. 1/500 నుంచి 2 సెకన్లకి వెళ్లాలంటే పదిసార్లు రెట్టింపు చేయాలి. అంటే మీ కిటికీకీ గూటికీ మధ్య పది స్టాపులు, వెలుగులో దాదాపు వెయ్యి రెట్ల తేడా. వినడానికి పది స్టాపులు ఒక రా ఫైల్లో పట్టేస్తాయి కదా అనిపిస్తుంది, కానీ అవి రెండు సగటు రీడింగులు మాత్రమే. కిటికీలోనే ఇంకా వెలుగు ఎక్కువున్న చోట్లుంటాయి, గూటిలో దేవుడి పటం వెనక ఇంకా చీకటి ఉంటుంది. రెండు పక్కలా ఇంకో రెండు మూడు స్టాపులు కలుపుకోవాలి.

ఇంకోటి, ఒక రా ఫైల్లో వెలుగు, చీకటి సమానంగా సర్దుకోవు. 14 బిట్ ఫైల్లో 16,384 మెట్లుంటాయి, అందులో సగం, అంటే 8,192 మెట్లు, ఒక్క పై స్టాప్‌కే పోతాయి. దాని కింది స్టాప్‌కి 4,096, అలా సగం సగం తగ్గుతూ పదో స్టాప్‌కి దిగేసరికి మిగిలేవి 16 మెట్లు. అక్కడ సెన్సర్ మీద పడే వెలుగు కూడా చాలా కొంచెం కాబట్టి నాయిజ్, అంటే ఆ రంగు చుక్కలు, ఎక్కువ. మీరు షాడోస్ ప్లస్ 100 అన్నప్పుడు పైకి లాగింది ఆ పదహారు మెట్లనే. అందుకే గూటికి విడిగా ఎక్కువసేపు వెలుగు పట్టిన ఫ్రేమ్ ఒకటి కావాలి.

కాబట్టి ఐఎస్‌ఓ 100, ఎఫ్/8 మార్చకుండా, షట్టర్ స్పీడ్ ఒక్కటే మారుస్తూ 1/500, 1/125, 1/30, 1/8, 1/2, 2 సెకన్లు, ఆరు ఫ్రేములు తీయండి. రెండేసి స్టాపుల తేడా చాలు, ఒక్కో స్టాప్ చొప్పున పదకొండు తీసినా అదనంగా వచ్చేది తక్కువ, ఈలోపు ఎండ జరుగుతుంది, బండల మీది రంగు మరకలు కదులుతాయి. ఎపర్చర్ మాత్రం ముట్టుకోవద్దు, అది మారితే ఏది స్పష్టంగా ఉంటుందో అదీ మారిపోతుంది, ఫ్రేములు ఒకదానిమీద ఒకటి కూర్చోవు. ఫోకస్ ఒకసారి పెట్టి మాన్యువల్‌కి తిప్పేయండి. వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లో పెట్టి వదిలేయండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే ట్రైపాడ్ మీద ఆపేయండి. బటన్ చేత్తో నొక్కకుండా 2 సెకన్ల టైమర్ పెట్టుకోండి.

కెమెరా వెనక హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు చూపించే గ్రాఫ్) ఒక్కటే చూసి నమ్మొద్దు. అది రా ఫైల్‌ది కాదు, కెమెరా తయారుచేసిన జేపెగ్‌ది. ముఖ్యంగా ఎర్ర అద్దం దగ్గర మోసపోతారు. మొత్తం హిస్టోగ్రామ్ బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, కానీ ఎరుపు ఛానెల్ ఒక్కటి గ్రాఫ్ కుడి అంచుకి గుద్దుకుని, పరిమితి దాటి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ ఆన్ చేసుకోండి. అవసరమైతే 1/1000 కూడా ఒకటి తీసి పక్కన పెట్టుకోండి, ఆ అద్దాలు మళ్లీ దొరకవు.

ఇక ఎడిటింగ్. ఇక్కడ నాకు గట్టిగా చెప్పాలనిపించేది మీ నాయనమ్మ అన్న మాటే. "ఆ మూలకి గింత వెలుగు ఎప్పుడొచ్చింది" అన్నారు చూడండి, జబ్బు ఆమె పట్టేశారు. మనలో చాలామంది బ్యాలెన్స్ అంటే అన్నీ ఒకే వెలుగులోకి తేవడం అనుకుంటాం. కాదు. గదిలో కిటికీ అన్నిటికన్నా వెలుగు, తర్వాత దాని కింద బండలు, తర్వాత ఎదురు గోడ, తర్వాత ఉయ్యాల, ఆఖర్న గూడు. ఈ వరస చెడకూడదు. తేడాలు తగ్గించవచ్చు, వెయ్యి రెట్లున్న దాన్ని పది, పదిహేను రెట్లకి తేవచ్చు, కానీ గూడు వచ్చి గోడతో సమానంగా నిలబడితే చూసే కన్ను ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోవట్లేదో చెప్పలేకపోయినా ఒప్పుకోదు.

ఈ సంగతి నాకు హైదరాబాద్‌లో పైగా నవాబు కుటుంబం సమాధుల దగ్గర తెలిసింది. సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో ఉన్నాయి, చూడకపోతే ఒకసారి వెళ్లండి. అక్కడి జాలీల్లోంచి, అంటే చిల్లుల నగిషీ తెరల్లోంచి, ఎండ ముక్కలు ముక్కలుగా లోపలికి పడుతుంది. మొదట్లో నేనూ నీడలన్నీ ఎత్తేసి, జాలీ బయటి ఆకాశాన్ని దించేసి, గచ్చు పనితనం ప్రతి పువ్వూ కనపడేలా చేశాను. అన్నీ కనిపించాయి, జాలీ మాత్రం కాగితం మీద అచ్చు వేసినట్టయింది, దాని మందం పోయింది. నీడ ఉంటేనే రాతికి మందం ఉంటుంది. ఆ ఫైళ్లనే మళ్లీ తెరిచి నీడల్ని సగం వరకే ఎత్తితే జాలీ మళ్లీ జాలీలా నిలబడింది.

మీ ఫైల్ దగ్గరికొస్తే, మెర్జ్ చేసేటప్పుడు ఆటో సెట్టింగ్స్ టిక్ తీసేయండి. డీగోస్ట్ (ఫ్రేముల మధ్య కదిలినవాటిని సరిచేసేది) మొదట నన్ పెట్టి చూడండి, ఫ్యాన్ ఆపేశారు కాబట్టి అవసరం రాకపోవచ్చు. డీగోస్ట్ ఎక్కువ పెడితే కదిలిందనుకున్న చోట ఒకే ఫ్రేమ్ వాడుతుంది, అక్కడ మళ్లీ నాయిజ్ తిరిగొస్తుంది. మెర్జ్ అయ్యాక వచ్చే డీఎన్‌జీ ఫైల్లో ఎక్స్‌పోజర్ స్లైడర్ మామూలు ఐదుకి బదులు పది వరకు వెళ్తుంది, చాలా జాగా ఉంటుంది, కంగారు పడక్కర్లేదు.

ముందు కిటికీనీ గూటినీ మర్చిపోయి ఎదురు గోడ ఒక్కటే చూస్తూ ఎక్స్‌పోజర్ పెట్టండి. గోడ మీ మనసులో ఉన్నట్టు రావాలి. తర్వాత హైలైట్స్ మైనస్ 40, 50 దగ్గర ఆపండి, షాడోస్ ప్లస్ 30 దగ్గర. ఇక్కడ ఫోటో ఇంకా పూర్తి కాదు, కిటికీ ఇంకా ఎక్కువే ఉంటుంది, గూడు ఇంకా చీకటే ఉంటుంది. అది సరైనదే. మిగతాది మాస్కులతో చేయాలి. కిటికీల మీద ఒక మాస్క్ వేసి ఒక స్టాప్, ఒకటిన్నర దించండి, అద్దంలో రంగు కనపడగానే ఆపేయండి. గూటి మీద రేడియల్ మాస్క్, అంచు బాగా మెత్తగా, ముప్పావు స్టాప్ ఎత్తండి. బండల మీది రంగుల్ని ముట్టుకోవద్దు, లేదంటే శాచురేషన్ కొంచెం తగ్గించండి. వెలుగుల తేడా నొక్కేసినప్పుడు రంగులు ఉన్నదానికన్నా గాఢంగా కనిపిస్తాయి, క్యాలెండర్ బొమ్మ అనిపించడానికి అదో కారణం.

బూడిద ఎందుకొచ్చిందంటే, హైలైట్స్ మైనస్ వంద, షాడోస్ ప్లస్ వంద అన్నప్పుడు రెండు చివరలూ మధ్యలోకి వచ్చి కూర్చున్నాయి, మధ్య టోన్లు ఇరుక్కుపోయాయి. మాస్కులన్నీ అయ్యాక కర్వ్‌లో మధ్య భాగం కొద్దిగా నిలువుగా లేపండి. ఎక్కడో ఒకచోట నిజమైన నలుపు ఉండాలి, ఉయ్యాల బల్ల కింద అయినా సరే. కిటికీ చుట్టూ తెల్ల అంచు షాడోస్, క్లారిటీ రెండూ కలిసి చేసిన పని. రెండూ ఒక్కో చోట చుట్టుపక్కల వెలుగుని చూసి సర్దుతాయి, చీకటి చెక్క పక్కనే మండే అద్దం ఉంటే లెక్క తప్పుతుంది. క్లారిటీ సున్నా చేయండి. కావాలంటే ఉయ్యాల బల్ల మీద బ్రష్‌తో 10 ఇచ్చుకోండి.

వాన వెలుతురు

నాది కొంచెం వేరే అభిప్రాయం. ఇంత కష్టం అక్కర్లేకుండా వెలుగునే మార్చవచ్చు. సూర్యాస్తమయం అయ్యాక పదిహేను, ఇరవై నిమిషాలకి ఒక గడియ వస్తుంది, బయటి ఆకాశం, లోపలి దీపాల వెలుగు దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి. ఆ టైంలో ఒక్క రా ఫైల్ చాలు, మెర్జ్ లేదు, మాస్క్ లేదు. లేదా మబ్బు పట్టిన రోజు తీయండి, తేడా చాలా తగ్గిపోతుంది. ఎండ రోజే కావాలంటే కిటికీ బయట ఒక పల్చటి తెల్ల దుప్పటి కట్టండి. పెళ్లిళ్లకి తీసేటప్పుడు చిన్న గదుల్లో నేను చేసేది ఇదే. ఇరవై నిమిషాలు ఎదురుచూడటం రెండు రాత్రుల ఎడిటింగ్ కన్నా మేలు అని నా నమ్మకం.

మౌలాలి గుట్ట

వేరే గది అయితే నేనూ అదే చెప్పేవాడిని అన్నా. కానీ ఈ హాలుకి ప్రాణం ఆ బండల మీద పడే రంగులే కదా. సంధ్యవేళ అవి ఉండవు, మబ్బురోజూ ఉండవు, దుప్పటి కడితే అసలే ఉండవు. ఆమె నాయనమ్మకి చూపించాలనుకుంటోంది పొద్దున ఎనిమిది గంటల హాలుని.

ఈ కష్టం మనకి కొత్తగా వచ్చింది కూడా కాదు. 1850ల్లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే సముద్రం ఫోటోలు తీసినప్పుడు ఆకాశానికి ఒక నెగటివ్, నీళ్లకి ఒక నెగటివ్ విడిగా తీసి, రెండింటినీ కలిపి ప్రింట్ వేశాడు. అప్పటి ప్లేట్లు నీలి వెలుగుకి ఎక్కువ స్పందించేవి, అందుకే ఆ కాలపు ఫోటోల్లో ఆకాశం చాలాసార్లు ఖాళీగా తెల్లగా ఉంటుంది. మన దగ్గర ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి పనిచేసింది ఆ శతాబ్దం చివర్లోనే. మీ తాతయ్యగారి ఇల్లున్న ఊళ్లోనే అక్కా.

షాబాద్ బండ

వాన వెలుతురు గారూ, మీ సలహా వంటింటికి వాడతాను, అక్కడ ఒకటే వెంటిలేటర్. హాలుకి మాత్రం పొద్దుటి ఎండే కావాలి.

ఒక సందేహం. మా తమ్ముడు ఫోన్‌తో తీస్తే ఒక్క నొక్కుకే కిటికీ, గూడు రెండూ వస్తున్నాయి. మనం ఆరు ఫ్రేములు తీసి ఇంత చేయడం ఎందుకు అంటున్నాడు. వాడికి ఏం చెప్పాలి? ఇంకోటి, లైట్‌రూమ్ నెల చందా అయిపోతోంది, ఉచితంగా చేసే దారి ఉందా?

తార్నాక లెన్స్

ఫోన్ కూడా చేసేది అదే పని, చెప్పకుండా చేస్తుంది. చాలా ఫోన్లు తక్కువ ఎక్స్‌పోజర్‌తో వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి నాయిజ్ తగ్గించి, తర్వాత నీడల్ని ఎత్తుతాయి. ఫోన్ తెరమీద చూడటానికి బాగుంటుంది. తేడా ఏంటంటే, ఎంత ఎత్తాలో ఫోన్ నిర్ణయిస్తుంది, దానికి మీ నాయనమ్మ తెలీదు. ఆల్బమ్‌లో పెద్ద పేజీకి ప్రింట్ వేస్తే గూటి దగ్గర నూనె పూసినట్టు నునుపుగా కనిపిస్తుంది కూడా. తమ్ముడి ఫోటో కూడా దాచండి, రంగులు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఉచితంగా అంటే డార్క్‌టేబుల్ ఉంది. అందులో టోన్ ఈక్వలైజర్ అనే మాడ్యూల్ ఈ పనికే పుట్టినట్టుంటుంది. గదిలో చీకటి నుంచి వెలుగు వరకు ఒక్కో మెట్టుకి ఒక్కో బిందువు ఉంటుంది, మౌస్ గోడ మీద పెట్టి స్క్రోల్ చేస్తే ఆ మెట్టు వెలుగే మారుతుంది, లోపల వివరాలు చెదరవు. ఇంకో దారి ఎన్‌ఫ్యూజ్, హగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు వస్తుంది. అది అసలు హెచ్‌డీఆర్ ఫైలే తయారుచేయదు. 1997లో డెబెవెక్, మాలిక్ అనే పరిశోధకులు చూపించిన పద్ధతిలో ముందు గదిలోని అసలు వెలుగు కొలతల్ని తిరిగి కట్టి, తర్వాత వాటిని తెరకి సరిపడా నొక్కాలి. 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ ముగ్గురూ ఆ మధ్య మెట్టు తీసేశారు. ప్రతి ఫ్రేమ్‌లో ప్రతి చోటా కాంట్రాస్ట్ ఎంత ఉంది, రంగు ఎంత ఉంది, ఎక్స్‌పోజర్ మధ్యలో ఉందా అని మూడు చూసి, మంచి మార్కులొచ్చిన ముక్కకి ఎక్కువ బరువిచ్చి నేరుగా కలిపేస్తారు. గదుల ఫోటోలకి చాలా సహజంగా వస్తుంది. కాకపోతే అదీ చీకటి మూలల్ని మధ్యకే లాగుతుంది, కాబట్టి మౌలాలి గుట్ట చెప్పిన వరస మీరే కాపాడుకోవాలి. 2 సెకన్ల ఫ్రేమ్ తీసేసి మిగతా ఐదింటినే ఇచ్చి చూడండి, గూడు కొంచెం దిగి కూర్చుంటుంది.

ప్రింట్ గది

ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆల్బమ్ గురించి నేను చెప్తాను. ల్యాప్‌టాప్ వెలుగు ఫుల్‌లో పెట్టి రాత్రిపూట ఎడిట్ చేశారా? అయితే ప్రింట్ కచ్చితంగా నల్లగా వస్తుంది. తెర మండిపోతుంటే ఫోటో సరిపోయిందనుకుని తక్కువ వెలుగు దగ్గరే ఆపేస్తాం. తెర పక్కన తెల్ల కాగితం పట్టుకుని, గదిలో మామూలు లైటు వేసి, రెండూ దగ్గర దగ్గరగా కనిపించే వరకు తెర వెలుగు తగ్గించండి, ఆ తర్వాతే మొదలుపెట్టండి.

కాగితం తెర కన్నా చిన్న పాత్ర. నిగనిగలాడే పేపర్ మీద కూడా తెలుపుకీ నలుపుకీ మధ్య ఆరేడు స్టాపులకి మించి ఉండదు, మ్యాట్ మీద ఇంకా తక్కువ. తెర మీద గూటిలో లీలగా కనిపించే పటం కాగితం మీద పూర్తిగా మూసుకుపోతుంది. కాబట్టి ప్రింట్ కోసం విడిగా ఒక కాపీ చేసి, గూటి మాస్క్ ఇంకో పావు నుంచి అర స్టాప్ ఎత్తండి. ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో జేపెగ్ ఇవ్వండి, ల్యాబ్ వాళ్లు వేరే అడిగితే తప్ప. మొత్తం ఆల్బమ్ ఇచ్చేముందు ఈ ఒక్క ఫోటోని చిన్న సైజులో మూడు రకాలుగా వేయించి, పగటి వెలుగులో చూసి ఒకటి ఎంచుకోండి. ఆ ఖర్చు దండగ కాదు.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లైట్‌రూమ్‌లో హెచ్‌డీఆర్ అవుట్‌పుట్ అని ఇంకోటి కనిపిస్తుంది. పేరు ఒకటే గానీ పని వేరు. అది ఎక్కువ వెలుగునిచ్చే ఫోన్లు, టీవీల తెరల కోసం, ప్రింట్‌కి ఇచ్చే కాపీకి అది ఆన్ చేయొద్దు.

షాబాద్ బండ

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి సారీ.

ఆదివారం పొద్దున ఏడున్నర నుంచి ట్రైపాడ్ పెట్టి కూర్చున్నాను. ఎనిమిదీ పదికి ఆరు ఫ్రేములు, 1/1000 ఒకటి అదనంగా. మొదటి సెట్‌లో మా తమ్ముడు గుమ్మం దగ్గర నడిచాడు, పాత చెక్క మెట్టు కదిలి ఫ్రేములు కొద్దిగా జరిగాయి, రెండో సెట్ వాడాను. ఎర్ర అద్దం నిజంగానే 1/500లో ఎరుపు ఛానెల్ దాటిపోయింది, 1/1000 లేకపోతే ఆ అద్దం గులాబీ రంగులో ఉండేది.

మెర్జ్ చేసి గోడ చూస్తూ ఎక్స్‌పోజర్ పెట్టాను. హైలైట్స్ మైనస్ 45, షాడోస్ ప్లస్ 25, క్లారిటీ సున్నా. కిటికీల మాస్క్ మైనస్ 1.2, గూటికి ప్లస్ 0.6. మొదట గూటికి ఒకటి పెట్టాను, నాయనమ్మని పక్కన కూర్చోబెట్టుకుని తగ్గిస్తూ వచ్చాను. 0.6 దగ్గర "ఆఁ, గట్లనే ఉండె" అంది, అక్కడే ఆపేశాను. తర్వాత తెర దగ్గరికి జరిగి, గూటి పక్క గోడ మీద దీపం మసి మరక ఉంది చూడు అని నాకే చూపించింది. ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ చూడలేదు ఆ మరక. పాత వెర్షన్ తెరిచి చూశాను, అందులో అంత వెలుగు పెట్టినా ఆ మరక రంగు చుక్కల్లో కలిసిపోయి ఉంది.

ప్రింట్ గది గారూ, ల్యాబ్‌లో మూడు రకాలు వేయించాను. తెర మీద సరిపోయిన కాపీలో గూడు మూసుకుపోయింది, 0.4 ఎత్తింది బాగా వచ్చింది, అదే ఖాయం చేస్తున్నాను. పేపర్ గ్లాసీనా (నిగనిగలాడేది), లస్టర్‌నా (మెరుపు తక్కువున్నది) అని ల్యాబ్ వాళ్లు అడుగుతున్నారు, నాయనమ్మ ఎక్కువగా కిటికీ దగ్గర కూర్చునే చూస్తుంది.

ప్రింట్ గది

కిటికీ దగ్గర అయితే లస్టర్ తీసుకోండి, గ్లాసీలో ఆకాశం ప్రతిఫలించి ఆ మూల అసలే కనపడదు. లస్టర్ మీద నలుపు కొంచెం తేలిపోతుంది, అందుకని అదే పేపర్ మీద గూటి కాపీ ఇంకోసారి చిన్నది వేయించి చూసుకుని అప్పుడు ఆర్డర్ ఇవ్వండి.